వైజాగ్‌లో "దాదాపు కొత్త" రైఫిల్ స్కోప్ బేరం ఆడుతున్నారా? లోపలి లెన్స్ చూసుకోండి

వైజాగ్‌లో ఎయిర్ రైఫిల్‌కి సెకండ్ హ్యాండ్ స్కోప్ వెతుకుతున్నవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. 3-9×40 (అంటే 3 నుంచి 9 రెట్ల జూమ్, ముందు లెన్స్ 40 మిల్లీమీటర్లు), ముందు లెన్స్ దగ్గర ఫోకస్ రింగు ఉన్న మోడల్, పెట్టె, మూతలు, తుడిచే గుడ్డతో సహా ఎంవీపీ కాలనీ వైపు ఒకాయన "దాదాపు కొత్తది, పెద్దగా వాడలేదు" అని నాకు అమ్మాడు. లోపల లెన్స్ దెబ్బతిందని తేలాక నానా గొడవపడి వెనక్కి ఇచ్చేశాను, డబ్బులో కొంత కోసుకునే ఇచ్చాడు. ఇప్పుడు అదే పీస్‌ని అవే ఫొటోలతో మళ్ళీ అమ్మకానికి పెట్టాడు, ధర మాత్రం తగ్గలేదు. జూమ్ రింగు మీద 6 అంకె పక్కన సన్న గీత ఉంటే అది ఇదే.

పైకి ఏ లోపమూ కనపడదు. 3లో బొమ్మ శుభ్రంగా ఉంటుంది. 9కి తిప్పితే కుడివైపు సగం నూనె చేత్తో ముట్టుకున్న అద్దంలా మసక, ఎడమవైపు మాత్రం కొబ్బరాకు ఈనెలు కూడా తెలుస్తాయి. ఫోకస్ తిప్పితే కుడివైపు తేలుతుంది, అప్పుడు ఎడమవైపు పోతుంది. ఫోన్ చేస్తే "ఫోకస్ సెట్ చేసుకోవాలి సార్, మీకు అలవాటు లేదు" అన్నాడు, తర్వాత "మన సముద్రం గాలి కదా సార్, తేమ" అన్నాడు.

తేమ మాట ఊరికే కొట్టిపారేసేది కాదు, మన ఊళ్ళో కెమెరా లెన్సులకి బూజు పట్టడం అందరికీ తెలిసిందే. కానీ బూజు అయితే ముందు లెన్స్ నుంచి టార్చి వేసి చూస్తే సన్న దారాల్లా కనిపిస్తుంది, తేమ ఆవిరి అయితే అద్దమంతా పరుచుకుంటుంది. పైగా మంచి స్కోపుల్లో నైట్రోజన్ నింపి సీల్ చేస్తారు కాబట్టి లోపల ఆవిరి పట్టిందంటే సీల్ పోయిందనే, అదీ లోపమే.

అసలు విషయం తేల్చిన పరీక్ష చాలా తేలిక. స్కోప్‌ని రైఫిల్ నుంచి విప్పండి (రైఫిల్‌తో సహా డాబా మీద నిలబడి ఎదురింటి వైపు గురిపెడితే పోలీసులొస్తారు, సూర్యుడి వైపు అయితే కన్నే పోతుంది). దూరంగా ఉన్న హోర్డింగ్ అక్షరాల మీద పెట్టి, కన్ను కదపకుండా గొట్టం మొత్తాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. మసక ఉన్నచోటే ఉంటే అది మీ కంటిదో, ఎండకి ఊగే గాలిదో. గొట్టంతో పాటు అదీ కుడి నుంచి కిందికి, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగిందంటే లోపల ఏదో లెన్స్ పక్కకి ఒరిగిందన్నమాట. తర్వాత ఐపీస్ (కన్ను పెట్టే వైపు భాగం) ఒక్కటే తిప్పండి, మసక దాంతో కదిలితే లోపం ఐపీస్‌లో. నా దాంట్లో కదల్లేదు. జూమ్ పెంచేకొద్దీ పెరిగింది, గురి కూడా నిలవలేదు కాబట్టి నా అనుమానమంతా మధ్యలో తలకిందుల బొమ్మని నిటారు చేసే ఎరెక్టర్ లెన్సుల మీదే.

గురి సంగతి కాగితం మీద తేలిపోతుంది. గురి సర్దే మరని ఒక క్లిక్ తిప్పితే పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే 10 మీటర్ల దగ్గర 0.7 మిల్లీమీటర్ల పైచిలుకు. 40 క్లిక్కులు తిప్పితే దెబ్బ దాదాపు 29 మిల్లీమీటర్లు జరగాలి, అన్నీ వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. నాది సగం కూడా జరగలేదు, ఇంకో రెండు పెల్లెట్లు కొట్టేసరికి ఉన్నట్టుండి పక్కకి గెంతింది.

అన్నట్టు, ఫోకస్ రింగు లేని తుపాకీ స్కోపులు చాలావాటిని 100 గజాలకి సెట్ చేసి ఇస్తారు, 10 మీటర్ల దగ్గర ఎక్కువ జూమ్‌లో అవి మసకగానే ఉంటాయి. అది లోపం కాదు, దానికి అమ్మినవాళ్ళతో గొడవపడకండి. అక్కడ బొమ్మంతా మసకే, సగం కాదు.

ఇలా ఎందుకవుతుందంటే, స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి తన్ని, లోపల పిస్టన్ చివరికి చేరి ఆగేటప్పుడు ముందుకి కుదుపుతుంది. వెనక్కి తన్నే దెబ్బకే తయారుచేసిన స్కోపులు ఈ రెండో కుదుపుకి లోపల వదులైపోతాయి, ఖరీదైనవి కూడా. అందుకే వయసు కన్నా ముందు "ఏ రైఫిల్ మీద వాడారు?" అని అడగండి. ఈయన నాకు ఒకసారి పీసీపీ (ముందే నింపిన గాలితో కొట్టేది, ఈ రెండో కుదుపు ఉండనిది) అన్నాడు, గొడవ వచ్చాక నోరుజారి స్ప్రింగర్ అన్నాడు. రింగులు బిగించిన చోట గొట్టం నొక్కుకుపోయిందేమో వేలితో తడిమి చూడండి, మరీ బిగిస్తే లోపలి ఎరెక్టర్ గొట్టం ఇరుక్కుంటుంది.

ఇంకోటి, ఈయన ఎప్పుడూ చీకటి పడ్డాకే రమ్మంటాడు. పగలే కలవండి, 9లో పెట్టి చూడండి, ఫోన్‌పే కొట్టేది ఆ తర్వాతే. షాపులో బిల్లుతో కొంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అయినా ఉంటుంది, ఇలాంటి చేతిబేరాల్లో అదీ కష్టమే. బిల్లు అడిగితే "ఇంట్లో ఎక్కడో ఉంది సార్, పంపిస్తా" అంటాడు. నాకైతే ఇంతవరకూ పంపలేదు.