హోస్ట్ ఫ్యామిలీలో పెళ్లి: పెళ్లినాటికి వెళ్లాలా, వారం ముందే వెళ్లాలా?

స్కూల్ ఎక్స్ఛేంజ్‌లో జర్మనీ వెళ్లి, అక్కడ ఒక కుటుంబం (హోస్ట్ ఫ్యామిలీ) ఇంట్లో ఏడాది ఉండి వచ్చిన మన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల హోస్ట్ అక్కలు, అన్నలు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. "పిలిచారక్కా, ఎప్పుడు వెళ్తే మంచిది?" అని తరచూ అడుగుతున్నారు. ఈ వేసవిలో నేనూ మ్యూన్‌స్టర్ దగ్గరి పల్లెలో మా హోస్ట్ చెల్లి పెళ్లికి వెళ్లొచ్చాను.

పెళ్లికి ఒకరోజు ముందు దిగి, అవగానే వచ్చేస్తే సెలవు కలిసొస్తుంది, ఆ ఇంటికీ భారం ఉండదు. కానీ పెళ్లిరోజున వాళ్లు మనకు దొరకరు. విందులో ఎవరి చోటు ఎక్కడో ముందే పేరు రాసి పెడతారు. మనం స్నేహితుల బల్ల దగ్గర, హోస్ట్ అమ్మ హాలు ఆ చివర. మధ్యలో ఒకసారి వచ్చి కౌగిలించుకుని వెళ్తుంది. అంత దూరం వెళ్లింది ఆమెతో గడపడానికే కదా!

అందుకే నేను వారం ముందే వెళ్లమంటాను. ఆ పల్లెల్లో పెళ్లి ముస్తాబు ఇరుగుపొరుగు చేతుల్లో ఉంటుంది. పెళ్లికి ముందు ఒకరోజు అందరూ ఏ గ్యారేజీలోనో చేరి, పచ్చటి కొమ్మలతో పొడవాటి దండ కట్టి, కాగితం గులాబీలు గుచ్చుతారు. మన మామిడి తోరణంలా దాన్ని గుమ్మానికి కడతారు. పక్కింటి పెద్దావిడ క్రేప్ కాగితం అంచును పెన్సిల్‌కు చుట్టి రేకలకు మెలిక తెచ్చి, అడుగున సన్న తీగ బిగించి నాకు చూపించింది. ఆ బల్ల దగ్గరే హోస్ట్ అమ్మ నా పక్కన కూర్చుని, పువ్వులు చేస్తూ ఇన్నేళ్ల కబుర్లూ చెప్పింది. పెళ్లిరోజున అలాంటి గంట ఒక్కటీ దొరకలేదు.

పోల్టరాబెండ్ కూడా పెళ్లికి ముందే. ఆ రాత్రి పాత పింగాణీ పళ్లేలు, కప్పులు తెచ్చి ఇంటి ముందు పగలగొడతారు. గాజు మాత్రం పగలగొట్టరు, అశుభమని నమ్మకం. ముక్కలన్నీ పెళ్లికూతురు, పెళ్లికొడుకు కలిసి ఊడ్చాలి. మామూలుగా దీనికి ఎవరికీ విడిగా పిలుపు ఉండదు, తెలిసినవాళ్లంతా వస్తారు. విందుకు పిలవని మన పాత క్లాస్‌మేట్లూ టీచర్లూ ఇక్కడ కలుస్తారు. చట్టం ప్రకారం చెల్లే పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగేదే. చర్చి పెళ్లికి ముందురోజు అది పెట్టుకుంటే, దగ్గరివాళ్లతో పాటు మనల్నీ రమ్మనవచ్చు.

చుట్టాలతో ఇల్లు నిండిపోతుందేమో, మనం అడ్డమేమో అన్న టెన్షన్ సహజమే. మొహమాటపడకుండా అడగండి. కుదరకపోతే కుదరదనే చెబుతారు, అడిగినందుకు ఏమీ అనుకోరు. మన పాత గది ఏ అత్తకో ఇస్తే పక్కవీధిలో గది తీసుకోండి, పగలంతా ఎలాగూ ఆ ఇంట్లోనే ఉంటారు.

పెళ్లి మానేసి, తర్వాత తీరిగ్గా వెళ్దామనుకునేవాళ్లూ ఉన్నారు. పరీక్షలో, కాన్పో అడ్డొస్తే తప్ప అలా చేయకండి. అలా అడ్డొస్తేనే వీడియో కాల్ చేసి కానుక పంపండి.

ఖర్చు చూసినా పెద్ద తేడా రాదు. జర్మనీకి కొద్దిరోజుల కోసం వెళ్లేటప్పుడు తీసుకునే షెంగెన్ వీసాకు పెద్దల ఫీజు 90 యూరోలు, నాలుగు రోజులకైనా మూడు వారాలకైనా అంతే. ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, వేసవి రద్దీకి ముందే అపాయింట్‌మెంట్ పట్టండి. మీ ఖర్చులకు హోస్ట్ వాళ్లు హామీపత్రం ఇచ్చేటట్టయితే దానికోసం వాళ్లే అక్కడి విదేశీయుల ఆఫీసుకు వెళ్లాలి. పెళ్లి పనులు మొదలవకముందే ఆ మాట చెవిన వేయండి. తిరుగు టికెట్ మాత్రం పెళ్లి మర్నాటికి కాకుండా రెండు మూడు రోజులు ఆగి తీసుకోండి, హాలు సర్దడానికి, మిగిలిన కేకులు ఇరుగుపొరుగుకు పంచడానికి అక్కడ మనిషి సాయం కావాలి.