వెన్ను ఆపరేషన్: అదే రోజు ఇంటికి చేరడం మేలా, ఆసుపత్రిలో ఉండడం మేలా?

వెన్నుకు కత్తి పడితే వారాల తరబడి మంచం దిగకూడదని నమ్మిన తరం ఇంకా ఉంది. ఆ నమ్మకానికి ఒకప్పుడు ఆధారమూ ఉంది. వెన్నుపూసల మధ్య మెత్తని దిండులా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కడం వల్లనే కాలునొప్పి పుడుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికా వైద్యులు వెల్లడించిన నాటికి, ఆ ముక్కను తీయాలంటే వీపున పొడవైన కోత పెట్టి, వెన్నుపూస వెనుక ఎముకను చాలావరకు తొలగించవలసి వచ్చేది. 1970లలో యాసార్గిల్, కాస్పర్ అనే శస్త్రవైద్యులు మైక్రోస్కోపును ఈ శస్త్రచికిత్సలోకి తెచ్చాక కోత రెండు మూడు సెంటీమీటర్లకు కుదించుకుపోయింది. సన్నని గొట్టం గుండా చేసే పద్ధతిలోనైతే కండరాన్ని ఎముక నుంచి ఒలవకుండా, దాని పోగుల మధ్య నుంచే దారి చేస్తారు. రోగిని రోజుల తరబడి మంచానికి కట్టిపడేసినది చాలావరకు ఆ కండరపు గాయమే కనుక, అది చిన్నదయ్యేసరికి, రోగిని అదే రోజు ఇంటికి పంపే డే కేర్ శస్త్రచికిత్స సాధ్యమైంది.

ఒక్క డిస్కుకు చేసే మైక్రోడిస్కెక్టమీ (మైక్రోస్కోపు సాయంతో జారిన ముక్కను తీయడం) వంటి చిన్న ఆపరేషన్లకు, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారి విషయంలో, అదే రోజు ఇంటికి చేరడమే మేలని నా అభిప్రాయం. ఇంటికి వెళ్లిన మనిషి స్నానాల గదికీ వంటింటికీ తానే నడుస్తాడు, ఆ నడకే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పును తగ్గిస్తుంది. ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్ల బెడద తగ్గుతుంది, నిద్ర చెడదు. పెద్దవయసువారిలో కొందరు కొత్త చోట రాత్రివేళ అయోమయంలో పడిపోతారు. అలాంటివారికి సొంత మంచమే సగం మందు. గది అద్దె మిగలడం కూడా లాభమే, కానీ నిర్ణయాన్ని దాని మీద నిలపకూడదు.

అయితే మెడ ముందు వైపు నుంచి చేసే ఆపరేషన్‌ను నేను ఇదే గాటన కట్టను. అక్కడ లోపల రక్తం పేరుకుంటే శ్వాసనాళం నొక్కుకుపోతుంది. ఇది అరుదే అయినా, వస్తే ఎక్కువగా మొదటి రోజులోనే వస్తుంది, నిమిషాల్లో ముదురుతుంది. తగిన రోగులను ఎంచి, కొన్ని గంటలు కనిపెట్టి చూసి పంపే కేంద్రాలు ఉన్నాయి. ఇల్లు దూరమైతే మాత్రం ఒక రాత్రి అక్కడే గడపడం నయం. గూని సరిచేయడం, అనేక పూసలను స్క్రూలతో కలపడం వంటి పెద్ద పనులకు ఈ చర్చే అనవసరం, వాటికి రోజుల తరబడి ఆసుపత్రి పర్యవేక్షణ కావాలి. నరాల పైపొరకు చిల్లు పడి ద్రవం కారినా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నా, గుండె బలహీనంగా ఉన్నా ఆసుపత్రి వైపే మొగ్గు చూపాలి.

డే కేర్‌లో ఇంటికి పంపే ముందు మత్తు పూర్తిగా దిగిందా, మాత్రలతో నొప్పి అదుపులో ఉందా, మూత్రం దానంతటది వచ్చిందా అని చూస్తారు. మూడోది చిన్న విషయంగా తోస్తుంది గానీ, మత్తు తరవాత మూత్రం బిగుసుకుపోయి రాత్రికి రాత్రే వెనక్కి వచ్చేవారు ఉంటారు. మంచం దిగే తీరును కూడా అక్కడే చేయించి చూపిస్తారు: మొండెం మెలితిరగకుండా దుంగలా ఒక పక్కకు దొర్లి, కాళ్లు కిందికి జార్చి, మోచేతి ఊతతో లేవాలి. ఆ రాత్రి తోడుగా పెద్దవారొకరు ఉండి తీరాలి. మర్మాంగాల చుట్టూ స్పర్శ తగ్గినా, కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగినా తెల్లవారేదాకా ఆగకుండా రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లవలసినది ఆ తోడున్న మనిషే.