నాడీ సంధి వర్కింగ్ మోడల్: గుండ్లు వదులుతుంది, తీయడమే మరిచింది

నాడి కండరాన్ని కలిసే చోటును, అంటే నాడీ సంధిని చూపే మోడల్ ఇది, మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. రెండడుగుల ప్లైవుడ్ చెక్క మీద ఒకవైపు నాడీకణం చివర, ఎదురుగా కండరం పొర, మధ్యలో రెండు వేళ్లు పట్టే సందు. అసలు శరీరంలో కండరం దగ్గర ఈ సందు సుమారు 50 నానోమీటర్లే, ఆ మాట ముందే చెప్పాలి.

చాలా మోడళ్లలో నాడి సంకేతాన్ని చూపే లైట్ల వరుస సందు మీంచి అవతలికి ఏకంగా వెలుగుతూ పోతుంది. అది తప్పు. ఇందులో లైట్లు ఆక్సాన్ (నాడీకణం పొడవాటి తోక) చివరికొచ్చి ఆగుతాయి. అక్కడ కాల్షియం అని రాసిన పసుపు గేటు తెరిస్తేనే గుండ్లున్న తిత్తి వంగి, ఆరు ఇనుప గుండ్లు సందులోకి దొర్లుతాయి. అవే అసిటైల్ కోలిన్, నాడి కబురును కండరానికి మోసే రసాయనం. గుండు అవతలి గుంటలో కూర్చుని రెండు రాగి రేకులను కలిపితే కండరం లైటు వెలుగుతుంది. గేటు తెరవకుండా స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా ఒక్క గుండూ రాలదు. పిల్లలకు ఇది చేతికే తెలుస్తుంది, చాలా మంచి పని.

లైటు వెలగకపోతే బ్యాటరీని అనుమానించకండి. గుండ్లకేసిన ఎర్ర రంగే కరెంటును ఆపుతుంది, గరుకు కాగితంతో గీకేయాలి. వానాకాలం రాగి రేకులకు చిలుం పడుతుంది, నిమ్మచెక్కతో రుద్ది తుడవాలి.

అసలు లోపం వేరు. వెలిగిన లైటు ఆరదు, చెక్క వంచి దులపాల్సిందే. ఒంట్లో అసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ అణువులను మిల్లీసెకన్లలో ముక్కలు చేస్తుంది. మునుగోడు, దేవరకొండ దిక్కు పత్తి చెల్కల్లో కొట్టే ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు పట్టుకుని ఆపేది ఆ ఎంజైమ్‌నే, దాంతో అసిటైల్ కోలిన్ పోగుపడుతుంది. అందుకే మందు సోకిన మనిషికి చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాప. కండరాలు అదిరి అదిరి చచ్చుబడతాయి, ఊపిరి ఆగుతుంది. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు అట్రోపిన్ గ్రంథులు, గుండె దగ్గర పనిచేస్తుంది గానీ కండరం గుంటల దగ్గర కాదు. కొందరికి వెంటిలేటర్ పడేది అందుకే. మన జిల్లాల పిల్లలకు చూపే మోడల్‌లో ఈ భాగం లేకపోవడం చిన్న లోటు కాదు.

అయినా కొనండి, లోటు పూడ్చుకోవచ్చు. పాత స్పీకర్ అయస్కాంతాన్ని కర్రకు కట్టి గుంటల మీద తిప్పితే గుండ్లు లేచి లైటు ఆరుతుంది: అది ఎంజైమ్. తర్వాత అదే అయస్కాంతానికి అంగుళం మందం థర్మోకోల్ తొడిగి తిప్పండి. గుండ్లు కదలవు, లైటు వెలుగుతూనే ఉంటుంది: ఆ థర్మోకోలే ఎంజైమ్‌ను పట్టుకున్న పురుగుమందు.