కొన్న గేమ్‌కు అడ్డుగా లాంచర్: పబ్లిషర్ల పీసీ యాప్‌లపై దీర్ఘకాల సమీక్ష

ఇది ఏదో ఒక గేమ్ మీద రాస్తున్న సమీక్ష కాదు. గేమ్ తెరుచుకునే ముందు వచ్చి అడ్డుగా నిలబడే లాంచర్ల గురించి, వాటిని ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో రాస్తున్నాను. పెద్ద పబ్లిషర్ల, అంటే గేమ్‌లను విడుదల చేసే సంస్థల, లాంచర్లలో చాలావరకు ఏదో ఒక కాలంలో నా కంప్యూటర్‌లో ఉన్నవే. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక పబ్లిషర్ తన గేమ్‌లను తన సొంత యాప్‌లోనే అమ్ముకుంటానంటే నాకు పెద్దగా అభ్యంతరం లేదు, ఇష్టమైతే కొంటాను, లేకపోతే మానేస్తాను. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డబ్బు కట్టించుకుని, స్టీమ్ ద్వారానే పదుల జీబీల గేమ్‌ను డౌన్‌లోడ్ చేయించి, ఆ తర్వాత తన యాప్‌ను కూడా తెరిస్తే తప్ప ఆడనివ్వనంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

లాంచర్లతో పెద్దగా పని పడని వారి కోసం, ఈ రెండంతస్తుల వ్యవహారం ఎలా సాగుతుందో కాస్త వివరంగా చెబుతాను. స్టీమ్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కగానే గేమ్‌కు బదులు ఒక చిన్న కిటికీ వస్తుంది, అందులో లాంచర్ తనను తాను అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెడుతుంది. అది పూర్తయ్యేలోగా స్క్రీన్ మసకబారి, ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా అని విండోస్ అడుగుతుంది. సరేనంటే లాగిన్ పేజీ వస్తుంది. ‘నన్ను గుర్తుంచుకో’ అన్న గడిలో టిక్కు పెట్టినా కొన్ని వారాలకొకసారి అది మరిచిపోతుంది. పాస్‌వర్డ్ కొట్టాక మెయిల్‌కు కోడ్ వెళుతుంది, ఆ కోడ్ ఇచ్చాక ఆ పబ్లిషర్ తాజాగా విడుదల చేసిన మరో గేమ్ ప్రకటన స్క్రీన్ నిండా పరుచుకుంటుంది. ఆ ప్రకటన మూలన ఉండే బటన్‌ను వెతికి నొక్కితే, అప్పుడు మనం అడిగిన గేమ్ మొదలవుతుంది. ఇంత తతంగం జరిగాక గేమ్ మూసేసినా లాంచర్ మాత్రం టాస్క్‌బార్ మూలలో కూర్చునే ఉంటుంది. అది నడుస్తున్నంతసేపూ గేమ్ నడుస్తున్నట్టే స్టీమ్ లెక్కవేస్తుంది కాబట్టి ఆడిన గంటలు ఊరికే పెరుగుతూ పోతాయి, సేవ్ ఫైళ్లు క్లౌడ్‌లోకి వెళ్లకుండా ఆగిపోతాయి. మరుసటి రోజు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే, పాత సేవ్ కావాలా, కొత్త సేవ్ కావాలా అని స్టీమ్ ఒకటి, లాంచర్ ఒకటి, విడివిడిగా ప్రశ్నలు వేస్తాయి.

ఈ స్థితికి ఎలా వచ్చామన్నది కాస్త చరిత్ర. స్టీమ్‌ను ఇప్పుడు అందరూ ముద్దు చేస్తున్నారు గానీ, అది కూడా మొదట ఒక పబ్లిషర్ లాంచరే. వాల్వ్ సంస్థ 2003లో తన గేమ్‌లకు అప్‌డేట్లు పంపడం కోసం దాన్ని తెచ్చింది. 2004లో హాఫ్ లైఫ్ 2 డిస్కు కొనుక్కున్నవారు సైతం స్టీమ్ పెట్టుకోక తప్పదన్నప్పుడు నేడు మనం తిడుతున్న తిట్లన్నీ అది తిన్నది. తర్వాతి కాలంలో ఇతరుల గేమ్‌లను కూడా అమ్ముతూ, ప్రతి అమ్మకంపై 30 శాతం తీసుకుంటూ పీసీ గేమ్‌లకు ప్రధానమైన దుకాణంగా మారింది. ఆ 30 శాతమే మిగతా కథకు మూలం. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) 2011లో ఆరిజిన్ అనే సొంత లాంచర్‌ను ప్రారంభించి, అదే ఏడాది బ్యాటిల్‌ఫీల్డ్ 3ను స్టీమ్‌కు ఇవ్వలేదు. బెథెస్డా ఫాల్అవుట్ 76ను 2018లో తన లాంచర్‌లో మాత్రమే విడుదల చేసింది. యాక్టివిజన్ అదే ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీని తమ గ్రూపు లాంచర్ అయిన బ్యాటిల్‌డాట్‌నెట్‌కు తరలించింది. 2019లో యూబీసాఫ్ట్ కొత్త గేమ్‌లను స్టీమ్‌కు ఇవ్వడం మానేసింది, రాక్‌స్టార్ సొంత లాంచర్‌ను తెచ్చింది. పెద్ద పబ్లిషర్లు చేజారుతున్నారని గ్రహించిన వాల్వ్ 2018 చివరిలో, ఒక గేమ్ అమ్మకాలు కోటి డాలర్లు దాటితే తన వాటాను 25 శాతానికి, 5 కోట్ల డాలర్లు దాటితే 20 శాతానికి తగ్గించింది.

ఆ తర్వాత అందరూ ఒక్కొక్కరుగా స్టీమ్‌కు తిరిగొచ్చారు. ఈఏ 2019లో, యాక్టివిజన్, యూబీసాఫ్ట్ 2022లో వచ్చాయి. బెథెస్డా అదే 2022లో తన లాంచర్‌నే మూసేసింది. సొంత దుకాణాల్లో ఆశించిన బేరం సాగలేదని దీన్నిబట్టే అర్థమవుతుంది. ఇక్కడే నాకు కొరుకుడుపడని విషయం ఒకటుంది: దుకాణంగా పనికిరాదని తేలిన యాప్‌ను కాపలాదారుగా మార్చి మా మీద ఎందుకు రుద్దాలి? పబ్లిషర్ వైపు నుంచి చూస్తే కారణాలు లేకపోలేదు. ఆటగాడి మెయిల్ చిరునామా నేరుగా తమ చేతిలో ఉంటుంది, తర్వాతి గేమ్ ప్రకటన తామే చూపించవచ్చు, ఎక్స్‌బాక్స్‌లోనో ప్లేస్టేషన్‌లోనో ఆడేవారిని పీసీ వారితో కలిపే అకౌంట్ ఒకటి ఉంటుంది. చివరి కారణం ఆన్‌లైన్ గేమ్‌లకు సమంజసమే. ఒంటరిగా ఆడే కథా గేమ్‌కు మాత్రం ఈ మూడింటిలో ఆటగాడికి ఉపయోగపడేది ఏదీ లేదు.

నేను లాంచర్లను తూచే ప్రధానమైన రాయి ఆఫ్‌లైన్‌లో అవి ప్రవర్తించే తీరు. మా ఊళ్లో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది గానీ, ఈదురుగాలికి స్తంభాల మీది ఫైబర్ తీగ తెగితే కేబుల్ ఆపరేటర్ పంపే కుర్రాడు వచ్చేదాకా ఇంటర్నెట్ ఉండదు. ఒంటరిగా ఆడే గేమ్‌కు సరిగ్గా అలాంటి సాయంత్రాలే అనువైనవి. స్టీమ్ ఆఫ్‌లైన్ మోడ్ ఒకప్పుడు చాలా చికాకు పెట్టేది, ఇప్పుడు నమ్మకంగానే పనిచేస్తోంది. పబ్లిషర్ల లాంచర్లకు కూడా ఆఫ్‌లైన్ మోడ్ ఉంది, అయితే దాన్ని వాడాలంటే నెట్ ఉన్నప్పుడే లాగిన్ అయి, ఆ గేమ్‌ను కనీసం ఒకసారి తెరిచి ఉండాలి, పైగా ఆ లాగిన్ గడువు తీరకుండా ఉండాలి. నా దగ్గరున్న ఒక లాంచర్, పేరు అనవసరం, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ లాగిన్‌ను తుడిచేస్తుంది; తుడిచేసిన సంగతి నెట్ పోయినప్పుడు గానీ బయటపడదు. అలాంటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి లాగిన్ అవుదామంటే, అది ముందుగా తన కొత్త వెర్షన్‌ను డౌన్‌లోడ్ చేసుకోవడానికి కూర్చుంటుంది, ఫోన్‌లో ఆ రోజుకున్న డేటాలో సగం అక్కడే ఆవిరైపోతుంది.

మన నెట్ బాగున్నా వాళ్ల సర్వర్ బాగుండాలన్నది మరో షరతు. 2010లో యూబీసాఫ్ట్ అసాసిన్స్ క్రీడ్ 2 పీసీ వెర్షన్‌కు ఎప్పుడూ నెట్‌కు కలిసే ఉండాలన్న నిబంధన పెట్టింది. మార్చిలో సర్వర్లు కూలిపోవడంతో డబ్బు పెట్టి కొన్నవారు ఆడలేక చేతులు కట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆ సంస్థ ఆ విధానాన్ని విడిచిపెట్టింది. 2021 నవంబరులో జీటీఏ పాత గేమ్‌ల త్రయం కొత్త రూపంలో విడుదలైన వేళ రాక్‌స్టార్ లాంచర్ ఒక రోజుకు పైగా పనిచేయలేదు. అప్పుడు ఇబ్బంది పడింది కొత్త గేమ్ కొన్నవారు మాత్రమే కాదు, ఎప్పుడో కొనుక్కున్న ఇతర రాక్‌స్టార్ గేమ్‌లను ఆ సాయంత్రం ఆడుకుందామనుకున్నవారు కూడా.

అకౌంట్ల విషయానికి వస్తే, నేను ఒక పబ్లిషర్ దగ్గర చాలా ఏళ్ల కిందట తీసుకున్న అకౌంట్ అప్పటి కాలేజీ మెయిల్‌తో ముడిపడి ఉంది. కాలేజీ వారు ఆ మెయిల్‌ను ఎప్పుడో తీసేశారు. పాస్‌వర్డ్ గుర్తున్నా కోడ్ వెళ్లేది ఆ మెయిల్‌కే. సహాయ విభాగానికి రాస్తే, మొదటి కొనుగోలు రసీదు పంపమన్నారు; ఆ రసీదు కూడా అదే మెయిల్‌లో ఉంది. గేమ్ కొన్నది స్టీమ్‌లో, డబ్బు తీసుకున్నది స్టీమ్, నా స్టీమ్ అకౌంట్ నిక్షేపంగా ఉంది, అయినా గేమ్ తెరవలేను. స్టీమ్ కొనుగోలు వివరాలు పంపాక, పలు దఫాల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత అకౌంట్ తిరిగి వచ్చింది. సహాయ విభాగంలో మాట్లాడినవారు మర్యాదగానే వ్యవహరించారు, అది కాదనను. కానీ ఆ అకౌంట్ అవసరమే లేకపోతే ఈ గొడవే ఉండేది కాదు.

టీవీకి కంప్యూటర్ కలిపి, కంట్రోలర్ పట్టుకుని సోఫాలో కూర్చుని ఆడేవారికి లాంచర్ ఇంకో రకమైన పరీక్ష. స్టీమ్ బిగ్ పిక్చర్ మోడ్‌లో అంతా కంట్రోలర్‌తోనే నడుస్తుంది, మధ్యలో లాంచర్ కిటికీ రాగానే కంట్రోలర్ పనిచేయదు. లేచి వెళ్లి మౌస్‌తో ఒక క్లిక్ కొట్టి రావాలి. చేతిలో పట్టి ఆడే స్టీమ్ డెక్ యంత్రంతో విండోస్ రాదు కాబట్టి, గేమ్ సవ్యంగా నడిచినా లాంచర్ దగ్గరే ఆగిపోయే సందర్భాలుంటాయి. ఇంట్లోవాళ్లతో గేమ్‌లు పంచుకోవడం మరో సంగతి. స్టీమ్ ఫ్యామిలీస్ వచ్చాక మా తమ్ముడు నా లైబ్రరీలోని గేమ్‌లు ఎన్నో ఆడుతున్నాడు. అయితే బయటి అకౌంట్ తప్పనిసరి అయిన గేమ్‌లలో చాలావాటిని ఆ సదుపాయంలో పంచుకోవడం కుదరదు. ‘అన్నయ్యా, నువ్వు కొన్నావు కదా, నాకెందుకు కనిపించట్లేదు’ అని వాడు అడిగినవన్నీ దాదాపు ఈ బాపతు గేమ్‌లే.

లాంచర్ మూతపడితే ఏమవుతుందన్న భయం కూడా ఉత్తది కాదు. మైక్రోసాఫ్ట్ 2007లో తెచ్చిన గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే గేమింగ్ సేవ వదిలేసిన అవశేషాలు ఫాల్అవుట్ 3 స్టీమ్ వెర్షన్ నుంచి తొలగడానికి 2021 దాకా పట్టింది. అంతకాలం కొత్త విండోస్‌లో ఆ గేమ్ నడిపించాలంటే ఆటగాళ్లే ఏవో తంటాలు పడాల్సి వచ్చేది. దీనికి భిన్నంగా బెథెస్డా తన లాంచర్‌ను మూసే ముందు, అందులో కొన్న గేమ్‌లను స్టీమ్‌కు ఉచితంగా మార్చుకునే ఏర్పాటు చేసింది. మూసేయడం ఎలాగో మిగతావారు వాళ్లను చూసి నేర్చుకోవచ్చు. ద క్రూ అనే ఆన్‌లైన్ రేసింగ్ గేమ్ సంగతి వేరు, అది లాంచర్ వల్ల పోలేదు. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది, ఆపై కొన్నవారి అకౌంట్లలోంచి లైసెన్సులు కూడా వెనక్కి తీసుకుంది. అయితే అలా తీసుకునే వీలు పబ్లిషర్ అకౌంట్ వల్లే కలిగిందని గమనించాలి.

మెచ్చుకోదగినవి లేవని కాదు. ఓవర్‌వాచ్ 2 స్టీమ్‌లోకి వచ్చినప్పుడు బ్యాటిల్‌డాట్‌నెట్ అకౌంట్ అడిగారే గానీ ఆ యాప్‌ను పెట్టుకోమనలేదు. ఆన్‌లైన్ గేమ్‌కు ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు. బల్దుర్స్ గేట్ 3కు లాంచర్ ఉన్నా, స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్ గడిలో చిన్న ఆదేశం రాస్తే అది పక్కకు తప్పుకుంటుంది, సైబర్‌పంక్ 2077 కూడా అంతే. 2కే సంస్థ సివిలైజేషన్ 6, ఎక్స్‌కామ్ 2 వంటి పాత గేమ్‌లకు మధ్యలో తగిలించిన లాంచర్‌ను 2024లో తానే తొలగించింది. అదే ఏడాది మే నెలలో హెల్‌డైవర్స్ 2కు ప్లేస్టేషన్ అకౌంట్ తప్పనిసరి అని సోనీ ప్రకటించగానే స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా ప్రతికూల సమీక్షలు వచ్చిపడ్డాయి, కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయం వెనక్కి వెళ్లింది. ప్లేస్టేషన్ సేవలే అందుబాటులో లేని దేశాలు వందకు పైగా ఉండగా ఆ షరతు ఎవరికి తోచిందో తెలియదు.

లాంచర్లన్నింటినీ ఒకేచోట చూపించే ప్లేనైట్ అనే ఉచిత ప్రోగ్రామ్ నాకు బాగా ఉపయోగపడింది. అది వెనకనున్న లాంచర్లను తొలగించదు, ఏ గేమ్ ఎక్కడ కొన్నామో వెతుక్కునే శ్రమ మాత్రం తప్పిస్తుంది. జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరికే గేమ్‌ను నేను అక్కడే కొంటాను, ఇన్‌స్టాలర్‌ను హార్డ్‌డిస్కులో దాచుకుంటే ఏ లాంచర్‌తోనూ పని ఉండదు.

స్టీమ్‌లోనే కొనాల్సి వస్తే, గేమ్ పేజీలో కుడివైపు బయటి అకౌంట్ అవసరమని తెలిపే గడి ఉంటుంది, ధర కంటే ముందు దాన్ని చూడండి. కొన్నాక డబ్బు వాపసు కావాలంటే 14 రోజుల్లోగా అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. లాంచర్ తెరిచి ఉన్న సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది కాబట్టి, దాన్ని టాస్క్‌బార్‌లో వదిలేసి భోజనానికి వెళ్లకండి. మొదటి అరగంటలోనే రౌటర్ ఆపి, గేమ్ మూసి మళ్లీ తెరిచి చూడండి. నేను ఈమధ్య కొన్న ఒక గేమ్ ఈ పరీక్షలో తప్పింది, డబ్బు మూడో రోజుకు స్టీమ్ వాలెట్‌లో పడింది.