మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 500: ఎనిమిది నెలలు వాడాక

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని, నల్గొండ–దేవరకొండ రూటు. షుగర్ అని తేలాక డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్ 500 మామూలు మాత్ర రాశారు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాకే వేసుకోమన్నారు. తెల్లారి ఐదింటికల్లా డిపోలో ఉండాలి, ఆ వేళప్పుడు ఏం తింటాం? ఉదయం మాత్ర ఉత్త టీతో వేసుకునేదాన్ని.

నాలుగో రోజుకే బస్సు ఊరు దాటకముందే కడుపులో గుడగుడ, విరేచనాలు. దారి మధ్యలో బస్సు ఆపించడం ఆడ కండక్టర్‌కి ఎంత కష్టమో! ఒకరోజు టికెట్లు కొడుతూనే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. మూడు వారాలకు పరగడుపు షుగర్ 210కి పోయింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మొదట్లో చాలామందికి ఇలాగే అవుతుందని చెప్పి అదే మందులో ఎస్‌ఆర్ (సస్టెయిన్డ్ రిలీజ్) రకానికి మార్చారు. ఇందులో మందు ఒక్కసారిగా కాకుండా గంటల తరబడి మెల్లగా కరుగుతుంది. రాత్రి భోజనంతో ఒకటే మాత్ర. రెండు వారాలకు కడుపు అలవాటు పడ్డాక రెండు చేశారు. మొదటి వారం కాస్త గ్యాస్ పట్టింది, అంతే. ఇప్పుడు డ్యూటీలో టెన్షన్ లేదు. నైట్ హాల్ట్ ఉంటే టిఫిన్ బాక్సులో జొన్నరొట్టె పెట్టుకుని మాత్ర దాంతోనే వేసుకుంటాను. బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్న రాత్రి మాత్రం నాకు ఇప్పటికీ కడుపు ఉబ్బరమే.

నచ్చనివీ ఉన్నాయి. మాత్ర పెద్దది, గొంతులో అడ్డంపడుతుంది. స్ట్రిప్ విప్పితే చేప వాసన. విరిచి వేసుకుందామనుకుంటే మందుల షాపతను గట్టిగా వద్దన్నాడు. విరిచినా నమిలినా మందంతా ఒకేసారి కడుపులో పడి మళ్లీ పాత బాధే వస్తుందట. ఇంకొకటి, ఒకరోజు దొడ్డికి వెళ్లినప్పుడు మాత్ర మాత్రలాగే కనిపించి హడలిపోయాను. మందు ఒంటికి పట్టలేదేమోనని వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, అది ఖాళీ పొరేనని, మందు లోపలే దిగిపోయిందని చెప్పారు. ఈ ముక్క ముందే చెప్పుంటే ఆ భయం ఉండేది కాదు.

కడుపు పాడైందని నాలాగా చెప్పకుండా మానేయకండి, ఎస్‌ఆర్ కుదురుతుందేమో డాక్టర్‌ని అడగండి. వాంతులు, విరేచనాలు ఆగకుండా అవుతుంటే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి.

ఈ మందు ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చట, అది తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కుతాయట. రోజంతా నిలబడే ఉద్యోగం కదా, కాళ్లు తిమ్మిరెక్కితే అలసట అనే అనుకుంటాం. వచ్చే నెల క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష)తో పాటు బి12 పరీక్ష కూడా రాయమని అడిగాను.