గైడ్ చెప్పిన జమీందారు శిల్పి కథ: మా హాఫ్‌డే టూర్ అనుభవం

ముందే చెప్తున్నా, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై రెండేళ్లుగా బ్లౌజులు కుడుతున్న మనిషిని. బొమ్మల గురించి నాకు తెలిసింది తక్కువే. గుడ్డ గురించైతే నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సూర్యాపేట నుంచి మా వదిన (మా ఆయన అక్క) వచ్చింది. "ఎన్నిసార్లు వచ్చినా చార్మినార్ తప్ప ఏం చూపెట్టలే మీరు" అని దెప్పితే రోషమొచ్చి ఫోన్‌లో హాఫ్‌డే హెరిటేజ్ టూర్ బుక్ చేశా. మనిషికి 750. ఆదివారం పొద్దున్నే చౌమహల్లా, లాడ్‌బజార్, చివరికి సాలార్‌జంగ్ మ్యూజియం. ఎంట్రీ టికెట్లు మనమే కొనుక్కోవాలని బస్సెక్కాక చెప్పారు. ఒక స్టార్ అక్కడే పోయింది.

బస్సు శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది. లాడ్‌బజార్‌లో ఇరవై నిమిషాలిచ్చారు. ఇరవై నిమిషాల్లో గాజులు బేరమాడిన ఆడమనిషి ఈ ఊళ్లో పుట్టలేదు.

గైడ్ కుర్రాడు మంచోడే. మా వదినకి మోకాళ్ల నొప్పులని చూసి, అడక్కుండానే వీల్‌చైర్ తెచ్చిపెట్టాడు. నవాబుల కుటుంబం కథ కూడా మా గల్లీలో పెద్దమనిషి చెప్పినట్టు చెప్పాడు. మొదటి సాలార్‌జంగ్, అంటే మీర్ తురాబ్ అలీఖాన్, ఇరవై నాలుగేళ్లకే 1853లో నిజాం దగ్గర దివాన్ అయ్యాడట. 1883లో కలరాతో పోయాడు. మనవడు మీర్ యూసుఫ్ అలీఖాన్‌కి నెల నిండకముందే తండ్రి చనిపోయాడు. ఆయనా దివాన్‌గిరీ చేశాడు కానీ రెండేళ్లే, 1912 నుంచి 1914 దాకా. పెళ్లి చేసుకోలేదు. మ్యూజియంలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఆయన కొని పోగేసిందే. 1949లో పోయాడు, వారసుల్లేరు. 1951లో నెహ్రూ వచ్చి వాళ్లుండే దివాన్ దేవిడీ భవనంలోనే మ్యూజియం తెరిచాడు, 1968లో ఇప్పుడున్న బిల్డింగ్‌కి మార్చారు. "ఇంత సామాను, అనుభవించే పిల్లల్లేరు" అని మా వదిన కళ్లు తుడుచుకుంది.

తర్వాత మేలిముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడే పాడుచేశాడు.

"దీన్ని చెక్కినాయన ఇటలీలో పెద్ద జమీందారీ వంశం అమ్మా. చనిపోయిన భార్య మొహం తల్చుకుంటూ చెక్కి చెక్కి కళ్లు పోగొట్టుకున్నాడు" అన్నాడు. అందరం అయ్యో అన్నాం. నేనూ అన్నా. నాలుగు నిమిషాలు కూడా నిలబడనివ్వలేదు, పన్నెండవుతోంది, గంట కొట్టే గడియారం చూడాలని తరిమాడు. గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొడితే పిల్లలు చప్పట్లు కొట్టారు. బాగానే ఉంది. నా మనసు మాత్రం వెనకే ఉండిపోయింది, గుంపులోంచి జారుకుని మళ్లీ వెళ్లా.

మామూలుగా రాతి బొమ్మకి చీర చెక్కితే కుచ్చిళ్లు బొద్దుగా, లోపల లైనింగ్ వేసినట్టు ఉంటాయి. ఈమె మొహం మీద పడ్డ గుడ్డ తడిపిన మల్‌మల్ లాంటిది. ముక్కు కొస దగ్గర, గడ్డం దగ్గర అతుక్కుపోయింది. బుగ్గ పక్కన వదులైంది. గుడ్డ ఎక్కడ లాగి ఉంటుందో, ఎక్కడ జారుతుందో ఈయనకి తెలుసు. పాలరాయి కదా, దాంట్లోంచి కనపడేదేమీ లేదు. అంటుకున్న చోట ఒంటి ఒంపు, వదిలిన చోట మడత చూపిస్తే మిగతాది మన కన్నే పూరించుకుంటుంది. షిఫాన్ దుపట్టాని డమ్మీ మీద వేసి నేను రోజూ చూసేది అదే. గుడ్డ పట్టుకుని పని నేర్చుకున్న మనిషే ఇట్లా చెక్కగలడని నాకు అక్కడే అనిపించింది. జమీందారు కొడుకుకి ఈ నేర్పు ఎట్లా వచ్చిందబ్బా అనుకుంటూ బస్సెక్కా.

రాత్రి అన్నం తినేటప్పుడు మా అమ్మాయికి చెప్పా. అది మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పం చదువుతోంది. విని పడీపడీ నవ్వింది. "అమ్మా, ఆ బొమ్మ చెక్కిన బెంజోనీ జమీందారేంటే? బీద రైతుల కొడుకు."

1809లో ఇటలీ ఉత్తరాన, బెర్గామో దగ్గర సోంగావాజ్జో అనే కొండపల్లెలో పుట్టాడట. చిన్నప్పుడే దగ్గరి చుట్టం వడ్రంగి కొట్లో పనికి కుదిరాడు. వంశం ఉన్నది చదివించినాయనకి, లోవెరెలో ఉండే లుయీజీ తాదీనీ అనే కౌంట్‌కి, అంటే అక్కడి జమీందారుకి. ఆయన కొడుకు ఫౌస్తీనో 1799లో కట్టుబడి కూలి మీద పడి చచ్చిపోయాడు. ఆ బిడ్డ జ్ఞాపకంగా కనోవా అనే మహాశిల్పి చెక్కిన ఫలకం ఇప్పటికీ లోవెరెలో ఉందట. కొడుకుని పోగొట్టుకున్న ఆ పెద్దమనిషి ఈ వడ్రంగి పిల్లాణ్ని చేరదీసి, పని నేర్పించి, రోముకి పంపాడు. కళ్లు పోవడం, భార్య మొహం అన్నీ కల్పనే. రెబెక్కా బైబిల్లోది. ఒంటె మీద వస్తూ, ఎదురొచ్చేవాడు తనకి కాబోయే భర్త ఇస్సాకు అని తెలియగానే ముసుగు వేసుకుంటుంది. ఒక్కటే బొమ్మ అనుకున్నా గానీ, ఇలాంటివి ఆయన కొన్ని చేశాడట, అమెరికాలో కూడా ఉన్నాయట.

ఇంకోటి చెప్పింది. బెంజోనీ 1873లో పోయాడు. మన మొదటి సాలార్‌జంగ్ రోములో బొమ్మ కొన్నది 1876లో. అంటే చేసినాయన, కొన్నాయన ఒకరికొకరు ఎదురుపడ్డదే లేదు. మా వదిన ఇది విని, చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఇంత మంచి నిజం చేతిలో పెట్టుకుని ఆ కుర్రాడు కళ్లు పోయిన కథ ఎందుకు చెప్పాడో! టూర్ వాళ్లకి మెసేజ్ పెట్టా. వచ్చేసారికి వంద రూపాయల కూపన్ పంపారు. శిల్పి గురించి ఒక్క మాట లేదు.

అయిదుకి మూడు స్టార్లు ఇస్తున్నా, అందులో ఒకటి వీల్‌చైర్‌కి. పెద్దవాళ్లతో, ఎండలో తిరగలేనివాళ్లతో వెళ్లేవాళ్లకి పర్లేదు. బొమ్మ కోసమే వెళ్లేవాళ్లు సొంతంగా వెళ్లండి, శుక్రవారం సెలవు చూసుకోండి. వచ్చే ఆదివారం మా అమ్మాయితో నేనూ వదినా పోతున్నాం. వదిన సూర్యాపేట బస్సు టికెట్ క్యాన్సిల్ చేసుకుంది.