గోజో చిన్న బేలు: పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి, గాలి మాత్రం చూసుకోండి

మాల్టాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వెళ్ళే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. మా తమ్ముడు అక్కడే ఉంటాడు, సెప్టెంబర్‌లో అమ్మని తీసుకెళ్ళాను. మాల్టాకే చెందిన గోజో ద్వీపం చుట్టూ కొండల మధ్య దాక్కున్న చిన్న చిన్న బేలకి, అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోట్లకి, అయిదుకి అయిదు ఇస్తాను. పక్కనే ఉన్న కొమినో అనే చిన్న ద్వీపంలో అందరూ ఫొటోలు పెట్టే బ్లూ లగూన్‌కి మాత్రం రెండు మించి ఇవ్వలేను.

మన సముద్రం సంగతి తెలిసిందే. గోపాలపూర్‌లో గానీ సోనాపూర్‌లో బాహుదా మొగ దగ్గర గానీ అల వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసుకంతా లాగేస్తుంది, మోకాలు దాటి దిగితే ఒడ్డునున్నవాళ్ళు కేకలేస్తారు, వెయ్యాలి కూడా. అమ్మ బారువలో పుట్టి పెరిగింది, అయినా సముద్రంలో మెడలోతు నీళ్ళలో ఎప్పుడూ నిలబడలేదు. గోజోలోని మ్జార్ ఇష్-షీని బేలో నిలబడింది, పైగా ఎంత పిలిచినా బయటికి రాలేదు. రెండు సున్నపురాయి కొండల మధ్య సన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన పాయ అది, మొగ దగ్గర 1661లో కట్టిన కావలి బురుజు ఉంది, బయట అల ఉన్నా లోపలికి వచ్చేసరికి దాని బలం పోతుంది. పోటుపాట్ల తేడా అక్కడ అడుగు కూడా ఉండదు. మన ఋషికుల్య, వంశధారల్లాగా ఒండ్రు తెచ్చి పోసే పెద్ద నది మాల్టాలో ఒక్కటీ లేదు కాబట్టి నీళ్ళడుగున రాళ్ళు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దీనివల్లే ఒక ప్రమాదం ఉంది, నడుం లోతనిపించే చోట నిజానికి మనిషి మునిగే లోతుంటుంది, పిల్లలుంటే పట్టుకునే ఉండండి.

అసలు విషయం గాలి. గోపాలపూర్ పడవల వాళ్ళు గాలి చూడకుండా పడవ దింపరు కదా, గోజోలో మనం బే ఎంచుకోవడం కూడా అలాగే ఉండాలి. అక్కడ ఎక్కువగా వీచేది వాయవ్యపు గాలి, దాన్ని మయ్యిస్ట్రాల్ అంటారు. అది గట్టిగా ఉన్న రోజు ఉత్తరపు ఒడ్డున రమ్లా బీచ్, వీడ్ ఇల్-ఆస్రి ఇరుకు పాయ రెండూ వద్దు, అల నేరుగా లోపలికి కొడుతుంది. ఆ రోజు మ్జార్ ఇష్-షీనికో, కొమినోకి ఎదురుగా ఉండే హొందొక్‌కో వెళ్ళండి. దక్షిణం నుంచి వీస్తే అంతా తిరగబడుతుంది, అప్పుడు రమ్లాలోని ఆ ఎర్రటి ఇసుక మీద హాయిగా కూర్చోవచ్చు. హోటల్ వాళ్ళని అడిగితే అన్నీ బాగుంటాయనే చెప్తారు, ఫోన్‌లో గాలి దిశ మీరే చూసుకోండి.

బ్లూ లగూన్ రంగు నిజంగానే ఫొటోలో ఉన్నట్టే ఉంది, కానీ మేమెక్కిన పడవలో పాటల హోరుకి అమ్మకి తలనొప్పి వచ్చింది, దిగాక తువ్వాలు పరిచే జాగా లేదు. రద్దీ తగ్గించడానికి 2025 నుంచి ముందే స్లాట్ బుక్ చేసుకునే పద్ధతి పెట్టారు. వెళ్ళాలనుకుంటే సాయంత్రం స్లాట్ తీసుకోండి.

కొన్నిచోట్ల ఒడ్డున గోధుమరంగు ఆకుల గుట్టలు చూసి చెత్త అనుకోకండి, అవి పొసిడోనియా అనే సముద్రపు గడ్డి ఆకులు, ఇసుక కొట్టుకుపోకుండా కాపాడేవి అవే. రాళ్ళమీద ముళ్ళబంతుల్లా ఉండే సీ అర్చిన్‌ల ముళ్ళుంటాయి, నీళ్ళలో వేసుకునే రబ్బరు చెప్పులు తప్పనిసరి. ఊదారంగు జెల్లీ ఫిష్ కనిపిస్తే దిగొద్దు.

మాల్టా పెద్ద ద్వీపంలోని చిర్కెవ్వా రేవు నుంచి గోజోకి ఫెర్రీ పాతిక నిమిషాలు, వెళ్ళేటప్పుడు డబ్బులు అడగరు, తిరిగొచ్చేటప్పుడు గోజోలోని మ్జార్ రేవులో (ఇది మ్జార్ ఇష్-షీని కాదు, వేరే చోటు) రెండువైపులదీ కలిపి తీసుకుంటారు. బేల దగ్గర తిండికి భరోసా లేదు, మేము పులిహోర, మన బరంపురం అప్పడాలు పట్టుకెళ్ళాం. బస్సులు ద్వీపమంతా తిరుగుతాయి గానీ మ్జార్ ఇష్-షీనిలోకి దిగవు, ఆ రోడ్డు ఇరుకు, బాగా ఏటవాలు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళతో వెళ్తే గోజోలోని ముఖ్య పట్టణం విక్టోరియాలోనే టాక్సీ మాట్లాడుకుని, తిరిగి ఎన్నింటికి రావాలో డ్రైవర్‌కి అప్పుడే చెప్పేయండి.